పడవ అడుక్కి ఆనించిన చెవి

కుర్వీనా చేప కూసేటప్పుడు పడవలో ఎవరూ మాట్లాడరు. మా ఊరు ఎల్ బారియల్‌లో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. మోటారు ఆపేస్తాం. ఒకడు పడవ అడుగున ఒత్తిగిలి పడుకుని, కణతని అడుక్కి ఆనిస్తాడు. వాణ్ణి చెవి అంటాం. వాడు చెయ్యెత్తేదాకా మిగతావాళ్లు కదలరు, దగ్గరు, సిగరెట్టు ముట్టించరు. పడవలోకి నీళ్లు వస్తున్నా సరే, ముందు చెవి చెయ్యెత్తాలి అని పెద్దవాళ్లు నవ్వులాటకి అనేవారు.

ముప్పై ఒక్క ఏళ్లుగా నేను చెవిని. మా పడవకే కాదు, ఊరికంతటికీ. నా పేరు ఎలుతేరియో, టెల్లో అని పిలుస్తారు. నా పడవ ఎక్కడ ఆగితే దాని చుట్టూ ఇరవై పడవలు ఆగేవి.

ఆ కూత మగచేపలది. ఈస్టరుకి ముందొచ్చే తపస్సు కాలంలో, అమావాస్యకో పున్నానికో పెద్ద పోటు వచ్చి పాటు మొదలయ్యే వేళకి, లక్షల చేపలు నది మొగలోకి వస్తాయి. ఆ చప్పుడు పడవ అడుగులోంచి ఎముకలోకి ఎక్కుతుంది. ఖాళీ పీపాలో కప్పలన్నీ చేరి గొణిగినట్టు ఉంటుంది మొదట. గుంపు కిందికి వచ్చేసరికి పళ్లు జివ్వుమంటాయి. ఎంత లోతున ఉన్నాయో, ఎటు మళ్లుతున్నాయో, ఇప్పుడు వల దింపితే సగం పడతాయో ఇంకాస్త ఆగితే అన్నీ పడతాయో నాకు తెలుస్తుంది. ఎలా తెలుస్తుందని అడిగితే చెప్పలేను.

తెలియనిది ఒకటి ఉంది. అది ఈ ఏడాది మంచుగడ్డల షెడ్డులో, ఊరందరి ముందూ తెలిసింది.

పోయిన ఏడాది తపస్సు కాలంలో ఎన్సెనాదా పట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నెరీదా. చప్పుళ్ల మీద పెద్ద చదువు చదివింది. మూడొందల పడవల మోటార్లు ఒక్కసారి మొగలో తిరుగుతుంటే, చేపల కూత చేపలకైనా వినబడుతోందా అన్నది ఆమె తేల్చుకోవాలి. దానికి చెవి ఉన్న పడవ కావాలంది. మా మత్స్యకార సంఘం అధ్యక్షుడు హెలియోదోరో ఆమెని నా పడవ ఎక్కించాడు.

నా పడవలో చుక్కాని పట్టేవాడు ఫిదెన్సియో. నోరు ఊరుకోదు. చేపలు కూసేటప్పుడు తప్ప వాడి నోటికి విశ్రాంతి లేదు.

"చేపలకి వినబడకపోతే మంచిదేగా అమ్మాయ్," అన్నాడు మొదటిరోజే. "పెళ్లాం పిలుపు వినబడని మొగుడు ఎక్కడికీ పోడు. ఉన్నచోటే కూర్చుని ఉంటాడు. హాయిగా పట్టుకోవచ్చు."

"మీ ఇంట్లో అలాగే పట్టుకున్నారా?" అంది నెరీదా.

"మా ఇంట్లో వినబడనట్టు నటించేవాణ్ణి నేను. అందుకే దొరికిపోయాను."

ఆమె దగ్గర రెండు మైకులు ఉండేవి. ఒకటి నల్లటిది, పొడుగు తీగ చివర కట్టి నీళ్లలోకి దింపేది. రెండోది కర్ర మీద నిలబెట్టేది, గాలి చప్పుడు కోసం. దానికి బొచ్చు తొడుగు ఉండేది. ఫిదెన్సియో దాన్ని పిల్లి అనేవాడు. పొద్దున్నే రాగానే దాని వీపు నిమిరి, పాలు తాగిందా అని అడిగేవాడు. నెరీదా చెవులకి తొడుక్కున్న యంత్రంలో నీళ్లలోని చప్పుడే వినేది. పిల్లి తన మానాన తాను రికార్డు చేసుకుంటూ ఉండేది.

ఒకరోజు గట్టు మీద కూర్చుని రొట్టెలో చిక్కుళ్లు పెట్టుకుని తింటున్నాం. ఆమె మోటార్ల గురించి అడిగింది. నేను చెప్పాను.

"చేపల సంగతి నాకు తెలియదు. పిట్టలు మాత్రం పోయాయి. పొద్దున్నే బురద మీద సన్నగా ఈలేసే చిన్న పిట్టలుండేవి. విని పదేళ్లయి ఉంటుంది."

ఆమె బురద వైపు చూసింది. "అవిగో, తిరుగుతున్నాయిగా?"

"తిరుగుతాయి. కూయడం మానేశాయి," అన్నాను.

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, ఏదో రాసుకుంది. పిట్టల మీద కూడా చదువుకుందేమో అనుకున్నాను.

మార్చి పద్దెనిమిదిన పొగమంచు పడింది. పడవ ముక్కు దగ్గర మనిషి నిలబడితే చుక్కాని దగ్గరవాడికి కనబడడు. అలాంటప్పుడు మా ఊళ్లో కట్టుబాటు గట్టిది. ప్రతి పడవ చుక్కాని కర్రకీ నారింజరంగు ప్లాస్టిక్ ఈల వేలాడాలి. ఆపద వస్తే మూడుసార్లు ఊదాలి, ఆగాలి, మళ్లీ మూడుసార్లు ఊదాలి. ఈల లేకుండా మంచులోకి పోయినవాడికి ఆపైన మొగలో చోటు ఉండదు.

మొగలోకి పోయి మోటారు ఆపాం. నెరీదా మైకులు పెట్టింది. నేను పడుకున్నాను. చేపలు దక్షిణం వైపు నుంచి వస్తున్నాయి, ఇంకా చెదిరి ఉన్నాయి. ఆగాను. గొణుగుడు దగ్గరపడింది. ఇంకా ఆగాను. పళ్లు జివ్వుమన్నప్పుడు చెయ్యెత్తాను.

"ఇక్కడే. వల దింపు," అన్నాను.

లేచి చూస్తే ఫిదెన్సియో నా వంకే చూస్తున్నాడు. నోరు కొంచెం తెరిచి ఉంది. ఏదో అడగబోతున్నాడనుకున్నాను. అడగలేదు. తాడు లాగి మోటారు స్టార్టు చేశాడు. ఆ రోజు పడవ అంచుదాకా చేప. మధ్యాహ్నం కాకముందే గట్టెక్కాం. నెరీదా పన్నెండు గంటల బస్సుకి ఎన్సెనాదా వెళ్లిపోయింది.

రెండు గంటలకి మంచు విడింది. అప్పుడు కనబడింది, మొగలో ఇసుకమేట పక్కన, బోర్లాపడిన పడవ. సతుర్నీనో పడవ. దాని వీపు మీద అతని కొడుకు ఎవరిస్తో ఒక్కడే ఉన్నాడు, నీలుక్కుపోయి. నిండిన వల ఒక పక్కకి లాగేసి పడవ నీళ్లు తాగిందట. సతుర్నీనో మూడో రోజున బురదలో దొరికాడు.

సతుర్నీనో నా భార్య కసిమీరాకి అన్న. నాకు బావ. మా పెళ్లికి ముందు నన్ను వద్దన్నవాడు, పెళ్లయ్యాక నాకు వల అల్లడం నేర్పినవాడు.

ఎవరిస్తోకి ఒంట్లో వేడి తిరిగాక, సంఘం కూర్చుంది. అతను చెప్పింది ఇది:

"ఈల ఊదాం. ముందు నాన్న ఊదాడు. ఆయన చేతులు జారుతుంటే నాకిచ్చాడు, నేనూదాను. పడవ తిరగబడకముందే దగ్గర్లో మోటారు ఒకటి ఆగడం విన్నాం. మామయ్యదే అది, ఆ చప్పుడు నాకు తెలుసు. ఎందుకు రాలేదో ఆయన్నే అడగండి."

నన్ను అడిగారు.

"మోటారు ఆపి వింటూనే ఉన్నాను. ఈల లేదు," అన్నాను.

హెలియోదోరో ఫిదెన్సియో వైపు తిరిగాడు. వాడు టోపీ అంచు తడుముకుంటూ, "ఆయన లేదన్నాక ఇంకేముంది," అన్నాడు.

మిగతా పడవలు దూరంగా ఉన్నాయి, మోటార్ల మీద ఉన్నాయి. బోర్లాపడిన పడవకి ఈల కట్టే తాడు ఉంది, ఈల లేదు. ఎవరిస్తో అది నీళ్లలో చేతిలోంచి పోయిందన్నాడు. మూడు బారల కింద చేప ఎటు తిరుగుతోందో వినేవాడు, పక్కనే ఊదిన ఈల వినడా అన్నారు జనం. నా ముందే అన్నారు. నాకు గర్వంగా కూడా అనిపించి ఉండాలి. సతుర్నీనో ఈల లేకుండా పోయాడనీ, కొడుకు తండ్రి తప్పు కప్పడానికి అబద్ధమాడుతున్నాడనీ తేలింది. ఎవరిస్తోకి మొగలో చోటు పోయింది.

బయటికొచ్చాక అతను నా ముందు ఆగాడు. "నువ్వు అబద్ధమాడావు మామయ్యా," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అంతే, ఆ తరవాత ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు.

ఆ ఏడాదంతా ఎవరిస్తో గట్టు మీదే ఉన్నాడు. పడవల అడుగుల నుంచి గుల్లలు గీకేవాడు. చేపల పొట్టలు చీల్చేవాడు. పుట్టినప్పటి నుంచి సముద్రం మీద తిరిగినవాడు సముద్రానికి వీపు పెట్టి పనిచేసేవాడు. కసిమీరా రోజూ సాయంత్రం అతనికి గిన్నెలో కూర పట్టుకెళ్లేది. నాతో ఏమీ అనేది కాదు. అన్న పోయాడు, మొగుడి మాటతో అన్న పేరూ పోయింది. ఆమె ఏమంటుంది?

ఈ ఏడాది మొదటి పోటుకి రెండు రోజుల ముందు నెరీదా మళ్లీ వచ్చింది. రికార్డు చేసిందంతా ఊరికి వినిపిస్తానంది. మర్నాడు సంఘం సమావేశం అయ్యాక షెడ్డులోనే ఏర్పాటు చేశారు. సారాకొట్టు నుంచి పెద్ద స్పీకర్లు రెండు తెచ్చారు. ఆడవాళ్లు కాఫీ పెద్ద గిన్నెతో కాచారు. ఎవరిస్తో సమావేశానికి రాకూడదు, షెడ్డు గుమ్మం బయట బల్ల దగ్గర చేపలు కోస్తున్నాడు. గుమ్మం తెరిచే ఉంది.

"పిల్లేది? తేలేదా?" అన్నాడు ఫిదెన్సియో.

"పెట్టెలో పడుకుంది," అంది నెరీదా.

ముందు నీళ్లలో చప్పుడు వినిపించింది. షెడ్డు రేకులు అదిరాయి. జనం నవ్వారు, ఒకడు కప్పలా గంతులేశాడు. ముసలమ్మ ఒకావిడ, యాభై ఏళ్లు ఈ చేప తిని బతికాను, ఇది ఇంత వాగుతుందని ఇవాళే తెలిసింది అంది. నాకు ప్రతి చప్పుడూ విడివిడిగా వినబడింది.

"ఇందులో రెండు గుంపులున్నాయి. వెనకదాన్ని నువ్వు గమనించి ఉండవు," అన్నాను నెరీదాతో.

ఆమె మళ్లీ తిప్పి విని, "నిజమే," అంది. జనం బల్లలు చరిచారు. ఆ సాయంత్రం నేను నవ్వింది ఆ ఒక్కసారే.

తరవాత ఆమె నా వైపు తిరిగింది. "టెల్లోగారూ, మీకోసం ఒకటి తెచ్చాను. పోయిన ఏడాది మీరన్న పిట్టలు గుర్తున్నాయా? కూయడం మానేశాయన్నారు. గాలి మైకులో ఒకటి దొరికినట్టుంది. నేను దాన్ని వినను, మోటార్ల చప్పుడు ఎంతో తెర మీద గీతల్లో కొలుస్తాను. మోటారు ఆగి ఉన్నప్పుడు పైన సన్నగా కొన్ని గీతలు కనబడ్డాయి. పిట్టే అనుకున్నాను. ఏ పిట్టో మీరు చెప్పాలి. నేనింకా పూర్తిగా వినలేదు."

"ఏ రోజుది?" అన్నాడు హెలియోదోరో.

"పద్దెనిమిదో తారీకుది. మంచు రోజుది."

మీట నొక్కింది. తెర మీద గడియారం అంకెలు కదలడం మొదలుపెట్టాయి.

నాకు పడవ పక్కన నీళ్లు తపతపలాడటం వినబడింది. అంతే. పిట్ట కోసం చూశాను. ముందుకి వంగాను. మళ్లీ నీళ్లే. స్పీకరు పాడైందేమో అనుకున్నాను.

"ఏంటమ్మాయ్, ఇంకా మొదలవలేదా?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు.

అప్పుడు మొహాలు చూశాను. హెలియోదోరో టోపీ తీసేశాడు. ముందు వరసలో ముసలమ్మ సిలువ గుర్తు వేసుకుంటోంది. ఫిదెన్సియో నేలకేసి చూస్తున్నాడు. కాఫీ గిన్నె దగ్గర కసిమీరా గరిటె అలాగే పట్టుకుని నిలబడింది, గరిటెలోంచి కాఫీ ఆమె పాదం మీద పడుతోంది. ఆమెకి తెలియడం లేదు. నెరీదా ఒకసారి వీళ్ల మొహాలూ ఒకసారి యంత్రమూ చూసి, చెయ్యి ఆపడానికి ముందుకి చాపింది.

"ఆపకు," అని గుమ్మంలోంచి ఎవరో అన్నారు.

ఎవరిస్తో. చేతిలో కత్తి ఉంది, మోచేతులదాకా పొలుసు. లోపలికి రాకూడదన్న కట్టుబాటు అతనికీ గుర్తులేదు, ఎవరికీ గుర్తులేదు. కత్తిని గుమ్మం పక్క బల్ల మీద పెట్టాడు. ఎడమ చెయ్యి పైకెత్తాడు. మూడు వేళ్లు చాపి ఉన్నాయి.

"ఈ మూడూ నాన్నవి," అన్నాడు.

నాకు నీళ్లు తపతపలాడుతున్నాయి. గడియారం అంకెలు కదులుతున్నాయి. రెండు నిమిషాలు. మూడు. షెడ్డులో మంచుగడ్డలు కరిగి చుక్కలు పడుతున్నాయి, అవి కంటికి కనబడుతున్నాయి. అయిదో నిమిషం దాటాక ఎవరిస్తో నాలుగో వేలు చాపాడు. బొటనవేలు. రెండో చెయ్యెత్తి చూపుడువేలు. "ఇవి నేను," అన్నాడు. ఆ వేళ్లు ఎత్తినప్పుడల్లా షెడ్డంతా ఒక్కసారి ఉలిక్కిపడుతోంది, పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్లదాకా, చెంపమీద కొట్టినట్టు. నేనొక్కణ్ణే కదలడం లేదు. వాళ్లందరికీ ఏదో తగులుతోంది. నాకు తగలడం లేదు.

మూడు, ఆగి మూడు. ఏ పిట్టా అలా కూయదు.

నా వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి. మనిషికి కళ్ల ముందు ఇల్లు కూలుతుంటే చప్పుడు రాకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. వాళ్లందరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారేమో అని కూడా ఒక క్షణం అనుకున్నాను. అనుకుని కసిమీరా పాదం వైపు చూశాను. ఎర్రగా కాలింది.

పదో నిమిషం దాటింది. ఎవరిస్తో ఇంకో మూడు వేళ్లు చాపాడు. ఒకటి. ఒకటి. చాలాసేపటికి ఇంకొకటి. తొమ్మిది వేళ్లు గాల్లో ఉన్నాయి.

"తరవాత ఈల జారిపోయింది," అన్నాడు. "నాన్న అప్పటికి లేడు."

పదకొండు నిమిషాల దగ్గర నాకు ఒక గొంతు వినబడింది. బొంగురుగా, స్పష్టంగా. ఆ రికార్డులో నీళ్లు కాకుండా నేను విన్న మొదటి చప్పుడు అది.

"ఇక్కడే. వల దింపు."

నా గొంతే.

వెంటనే మోటారు చప్పుడు షెడ్డుని ముంచేసింది. నెరీదా ఆపేసింది.

హెలియోదోరో నా దగ్గరకొచ్చి, నా మొహానికెదురుగా నిలబడ్డాడు. "టెల్లో. నీకు వినబడలేదా?"

"ఏది?" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక కూర్చున్నాను.

"నాకు వినబడింది," అన్నాడు ఫిదెన్సియో.

అందరూ అటు తిరిగారు. వాడు ఇంకా నేలకేసే చూస్తున్నాడు. ఏ రోజూ మాటకి తడుముకోనివాడు, ఒక్కో మాటా మోసుకొచ్చి కింద పెడుతున్నట్టు చెప్పాడు.

"ఆ రోజు. మొదటి మూడూ వినబడ్డాయి. నీ వంక చూశాను. నువ్వు కదల్లేదు. చెవి కదల్లేదంటే అది నా భ్రమ అనుకున్నాను. రెండోసారి ఇంకా బాగా వినబడింది. నువ్వు కదల్లేదు. నువ్వు చెయ్యెత్తకుండా ఎలా మాట్లాడను? మా నాన్న మాట్లాడలేదు, మా తాత మాట్లాడలేదు. నువ్వు లేచాక అడుగుదామనుకున్నాను. లేచి వల అన్నావు. గట్టెక్కాక ఈల లేదన్నావు. నువ్వు లేదన్నాక, నేను విన్నానని అనుకోవడం కూడా మానేశాను."

"నువ్వు విన్నావు," అన్నాడు ఎవరిస్తో.

"విన్నాను."

"నాలుగొందల గజాల దూరం."

"అంత కూడా ఉండదు."

ఎవరిస్తో వేళ్లు దించాడు. ఎవరి మీదా అరవలేదు. కత్తి తీసుకుని బయటికి పోయాడు. సగం కోసిన చేప అక్కడే ఉండిపోయింది.

నెరీదా ఏడుస్తూ నా పక్కన కూర్చుంది. నన్ను ఏవేవో అడిగింది. వంటింట్లో కుక్కరు కూత వినబడుతుందా? చిన్నపిల్లల మాటలు అర్థమవుతాయా? పిట్టలు ఎప్పుడు మానేశాయి? ఆ చివరిది అడిగి ఆగిపోయింది. నేనూ అప్పుడే తెలుసుకున్నాను. పిట్టలు మానలేదు.

"మోటారు మీ వినికిడిని పైనుంచి కోసుకుంటూ వచ్చింది టెల్లోగారూ," అంది. "ముప్పై ఏళ్లు, తల పక్కనే. సన్నటి చప్పుళ్లు ముందు పోతాయి. బొంగురువి కింద మిగిలిపోతాయి. చేపవి అన్నిటికన్నా కింద ఉంటాయి." మళ్లీ అంది, "మీకు చేపలు అంత బాగా వినబడేది అందుకే కావచ్చు. వాటికి అడ్డొచ్చేవేవీ మీకు లేవు."

ఊరు నన్ను చెవి అన్నది దేన్ని చూసో అప్పుడు అర్థమైంది.

ఇంటికొచ్చాం. కసిమీరా కాలిన పాదానికి వెన్న రాసుకుని, పొయ్యి మీద నీళ్లు పెట్టింది. నేను బల్ల దగ్గర కూర్చున్నాను. కెటిలు మూతి నుంచి ఆవిరి వస్తోంది.

"ఇప్పుడది ఈలేస్తోంది. తెలుసా నీకు?" అంది.

"ఆవిరి కనబడుతోంది."

"ఎన్నాళ్లుగా నీకు ఆవిరే?"

ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మొహం చూసి మాట్లాడుతోంది. ఎప్పటి నుంచి అలా ఎదురుగా వచ్చి మాట్లాడుతోందో, ఎప్పటి నుంచి బల్ల మీద చేత్తో కొట్టి పిలుస్తోందో ఆలోచించాను. ఆరేడేళ్లు ఉంటుంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"ఏం తెలుసు? వెనక నుంచి పిలిస్తే పలకవు. పిల్లల మాట పట్టించుకోవు. అందరి మొగుళ్లలాగే నువ్వూ అనుకున్నాను. మా అమ్మ కూడా మా నాన్నని అలాగే తిట్టేది. వినడం లేదనుకున్నాను గాని, వినబడడం లేదని ఎలా అనుకుంటాను? ఊరందరికీ చెవివి నువ్వు." కొంగు లాంటి నల్ల శాలువా మూతికి అడ్డం పెట్టుకుంది. "మా అన్న ఈల ఊదాడు టెల్లో. మూడుసార్లు. ఎలా ఊదాలో అలా ఊదాడు. నేను ఏడాదిగా, ఇంత అజాగ్రత్త మనిషేంటని వాణ్ణి తిట్టుకుంటూ ప్రార్థన చేశాను."

కెటిలు పొయ్యి మీంచి దించింది. ఈల ఆగి ఉంటుంది.

హెలియోదోరో ఆ సాయంత్రమే ఎవరిస్తో ఇంటికి వెళ్లి, మొగలో చోటు నీదేనని చెప్పాడట. సంఘం పుస్తకంలో సతుర్నీనో పేరు పక్కన రాసింది కొట్టేశాడట. రేపటి పోటుకి తన పడవలోనే రమ్మన్నాడట. ఎవరిస్తో, ముందు మామయ్యతో ఒక పని ఉంది అన్నాడట.

తెల్లవారాక గట్టు మీదికి రమ్మని కబురు చేశాడు. వెళ్లాను. పాటు తీసిన బురద మెరుస్తోంది. అతను ఒక్కడే ఉన్నాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మామయ్యా, నిన్న ఊరంతా నమ్మింది," అన్నాడు. "నేనింకా నమ్మలేదు. చేపలో రెండో గుంపు కనిపెట్టావు. నీ గొంతు నువ్వు విన్నావు. ఈల ఒక్కటే వినబడదంటే ఎలా?"

"నాకూ అలాగే ఉంది."

"అటు తిరుగు."

తిరిగాను. సముద్రానికి ఎదురుగా, అతనికి వీపు పెట్టి నిలబడ్డాను. బురద మీద చిన్న పిట్టలు పరిగెడుతున్నాయి. ఆగి ముక్కులు తెరుస్తున్నాయి. మూస్తున్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను. మా నాన్న పోయిన రోజు కూడా నేను అంత జాగ్రత్తగా వినలేదు. నీటి చప్పుడు విన్నాను. నా గుండె విన్నాను. దూరాన ఎవరో మోటారు స్టార్టు చేయడం విన్నాను.

పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి.

"ఊదావా?" అన్నాను, తిరగకుండానే.

తిరిగాను. ఎవరిస్తో మూడు బారల దూరంలో ఉన్నాడు. కొత్త ఈల నోట్లోనే ఉంది, నారింజరంగుది. బుగ్గలు ఎర్రబడ్డాయి. వాటి మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.

"తొమ్మిది," అన్నాడు ఈల తీసి. "పిట్టలు తొమ్మిదోదానికి లేచాయి."



"అబద్ధమై ఉంటే బాగుండేది మామయ్యా. ఏడాది నుంచి నీకోసం తిట్లు దాచుకున్నాను. గుల్లలు గీకుతున్నప్పుడు ఒక్కొక్కటే తయారుచేసుకున్నాను. ఇప్పుడు వాటిని ఎక్కడ పడేసుకోను?"

"నన్నే తిట్టు."

"నువ్వు అక్కడ లేవు కదా," అన్నాడు. "పడవలో ఉన్నావు గాని లేవు." ముంజేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఇవాళ నువ్వు పడుకుంటే పైన ఎవరుంటారు?"

"ఫిదెన్సియో."

"వాడు మాట్లాడతాడా?"

నేను చెయ్యి చాపాను. కాసేపు నా అరచేతినే చూసి, ఈల అందులో పెట్టాడు. చిన్నది, తేలికది. ముప్పై ఏళ్లుగా నా చుక్కాని కర్రకి వేలాడుతూ ఉండేది ఇలాంటిదే. దాన్ని నేను ఎప్పుడూ ఊదలేదు.

నోట్లో పెట్టుకుని ఊదాను. లోపలి గింజ పళ్లకి తగిలి వణికింది. ఊపిరి వెళ్లింది. అంతే, ఇంకేమీ లేదు. ఇంకా గట్టిగా ఊదాను, కళ్లు చీకట్లు కమ్మేదాకా.

ఎవరిస్తో రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.